కొలరాడో లెక్కల్లో లేని చివరి మైళ్ళు

ప్రతి ఏడాదీ ఆగస్టు, సెప్టెంబరు వచ్చిందంటే మన పేపర్లలో ఒక హెడ్డింగు ఖాయం: "ఇన్ని వందల టీఎంసీలు వృథాగా సముద్రం పాలు". పక్కన ప్రకాశం బ్యారేజీదో ధవళేశ్వరానిదో గేట్లెత్తిన ఫోటో. చదివినవాళ్ళకి కడుపు తరుక్కుపోతుంది. అనంతపురంలో తాగడానికి నీళ్ళు లేవు, ఇక్కడేమో లక్షల క్యూసెక్కులు ఉప్పునీళ్ళలో కలిసిపోతున్నాయని. ఆ బాధని నేను తక్కువ చెయ్యట్లేదు. కానీ ఆ హెడ్డింగులో "వృథా" అన్న మాట దగ్గర నాకెప్పుడూ ఒక పేచీ ఉంది.

ఆ పేచీ తేలాలంటే ఒక ప్రశ్న వేసుకోవాలి. ఒక్క చుక్క కూడా సముద్రంలోకి పోనివ్వకుండా, పూర్తిగా, నూటికి నూరు పాళ్ళూ వాడేసుకున్న పెద్ద నది ఎక్కడైనా ఉందా? ఉంటే దాని మొగ దగ్గర ఏం జరిగింది?

ఉంది. పేరు కొలరాడో. మనవాళ్ళలో బోలెడుమంది రోజూ తాగేది ఆ నీళ్ళే. ఫీనిక్సు, చాండ్లర్ వైపు ఉన్నవాళ్ళకి సెంట్రల్ అరిజోనా ప్రాజెక్టు కాలవ 336 మైళ్ళు మోసుకొచ్చి పోస్తుంది. లాస్ ఏంజిలిస్, శాన్ డియేగో వాళ్ళకి ఇంకో కాలవ. లాస్ వేగాస్ కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళలో 90 శాతం దాకా ఈ నదివే. అమెరికా వచ్చిన ప్రతి తెలుగువాడూ అమ్మా నాన్నల్ని తీసుకెళ్ళి హూవర్ డ్యామ్ ముందు ఫోటో దిగుతాడు, గ్రాండ్ కేన్యన్ చూసి నోరు తెరుస్తాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ నది చివరికి ఎక్కడికి పోయిందో అడిగినవాళ్ళని మాత్రం నేను చూళ్ళేదు.

చివరికి ఎక్కడికీ పోలేదు. అదే ఈ టపా.

ఎడారిలో డెల్టా

ముందు భూగోళం కాస్త. కొలరాడో రాకీ పర్వతాల మంచు కరిగి పుట్టి, ఐదు అమెరికా రాష్ట్రాల గుండా ఈడ్చుకుంటూ వచ్చి, మెక్సికోలోకి దిగి, కాలిఫోర్నియా సింధుశాఖ కొసన సముద్రంలో కలిసేది. స్పానిష్‌లో కొలరాడో అంటే ఎర్రనిది. మన వరద గోదారి రంగే. గ్రాండ్ కేన్యన్‌ని తవ్వి తీసిన మన్నంతా తెచ్చి ఇక్కడ పరిచింది. అలా తయారైన డెల్టా సుమారు 3000 చదరపు మైళ్ళు.

విచిత్రం ఏమిటంటే ఆ చుట్టుపక్కలంతా పచ్చి ఎడారి. ఏడాది వాన సుమారు 3 అంగుళాలు. కరువుసీమ అని మనం చెప్పుకునే అనంతపురానికే 22 అంగుళాల దాకా పడుతుంది, పోల్చుకోండి. అంటే అక్కడ బతికిన ప్రతి చెట్టూ, ప్రతి పిట్టా వందల మైళ్ళ అవతల కురిసిన మంచు మీద బతికిందే. వాన మీద కాదు.

ఇంకో విచిత్రం పోటు. సింధుశాఖ గరాటులా సన్నబడే చోట నది కలుస్తుంది కాబట్టి అమావాస్యకీ పున్నమికీ నీళ్ళు 20 అడుగుల పైన లేచి పడతాయి. నది బలంగా ఉన్న రోజుల్లో ఆ పోటు వరదకి ఎదురొచ్చి నిలువు గోడలా పైకి పరిగెత్తేది. స్థానికులు దానికి "ఎల్ బుర్రో" అంటే గాడిద అని పేరు పెట్టారు. 1922లో టొపొలొబాంపో అనే మెక్సికన్ పడవని ఈ గాడిదే తన్నింది, పదుల మంది కూలీలు చనిపోయారు. ఇప్పుడు ఆ గాడిద చచ్చిపోయినట్టే. తన్నడానికి ఎదురుగా నది ఉండాలి కదా.

ఐరోపావాళ్ళలో 1539లో ఫ్రాన్సిస్కో దె ఉయోవా ఈ మొగ దాకా వచ్చాడు. మరుసటేడు ఎర్నాందో దె అలార్కోన్ పడవల్లో నదిలోకి ఎక్కాడు. అప్పటికే అక్కడ జనం ఉన్నారు. కుకపా అనే జాతి. వాళ్ళ పేరుకే "నది మనుషులు" అని అర్థం చెబుతారు. వరద తీసిన బురదలో మొక్కజొన్న, చిక్కుళ్ళు, గుమ్మడి వేసుకునేవాళ్ళు. దుక్కి లేదు, కాలవ లేదు. వరదే రైతు.

ఏముండేవి అక్కడ

నది ఒడ్డున కాటన్‌వుడ్, విల్లో చెట్లు. వాటి వెనక మెస్కీట్ చెట్లు. మెస్కీట్ అంటే ఏదో కొత్తదనుకునేరు. మన ఊళ్ళ చుట్టూ చెరువు గట్ల మీద పెరిగి ప్రాణాలు తీసే సర్కారు తుమ్మ ఉందే, దానికి సొంత అక్కచెల్లెలు. ఇక్కడ మనం తిట్టుకునే చెట్టు జాతే అక్కడ తిండి పెట్టింది. దాని కాయలు దంచి పిండి చేసుకునేవాళ్ళు కుకపాలు.

ఇంకా కిందకి, పోటు నీరు వచ్చి వెళ్ళే బురద పర్రల్లో, ఒక గడ్డి. డిస్టిక్లిస్ పామెరి దాని శాస్త్రీయ నామం. కుకపాలు నీపా అనేవాళ్ళు. ఇది ఆ సింధుశాఖలో తప్ప లోకంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. దీని గొప్ప ఏమిటంటే అచ్చమైన సముద్రపు నీళ్ళు పెట్టినా గింజ పండుతుంది! ఉప్పుని ఆకుల మీదికి కక్కేస్తుంది. వసంతంలో పోటు గింజల్ని రాల్చి ఒడ్డున వరసలుగా పోగేస్తే కుకపాలు వెళ్ళి ఎత్తుకొచ్చి ఆరబెట్టుకుని తినేవాళ్ళు. ఎడ్వర్డ్ పామర్ అనే వృక్షశాస్త్ర సేకర్త 1889లో దీన్ని సేకరించి బయటి ప్రపంచానికి చూపించాడు. ఉప్పుతేలిన పొలాల్లో దీన్ని పంటగా వెయ్యచ్చా అని అరిజోనా యూనివర్సిటీ వాళ్ళు చాలా కాలం పనిచేశారు. ఒక జాతి ఉత్తినే తిన్న గింజ, రేపు సముద్రం పొలాల్లోకొస్తే అందరికీ అక్కరకొచ్చే గింజ.

ఇక జంతువులు. బీవర్లు, జింకలు, కయోటీలు, లెక్కలేనన్ని బాతులు, కొంగలు. జాగ్వార్లు కూడా ఉండేవి. ఉత్తరాది నుంచి చలికి దిగొచ్చే వలస పక్షులకి వందల మైళ్ళ ఎడారిలో ఇదే మజిలీ.

సముద్రం వైపు తొతువాబా అనే చేప. మనిషంత పొడవు, 100 కిలోల దాకా పెరుగుతుంది. మనకి కాకినాడ, అంతర్వేది రేవుల్లో కచ్చిడి చేప పడితే లక్షలు పలికిందని వార్తలొస్తుంటాయి చూడండి, ఇదీ ఆ కుటుంబమే. దాని విలువ కూడా కడుపులో ఉండే గాలితిత్తిలోనే ఉంది. మన పులస ఎర్రనీటి కోసం గోదారిలోకి ఎదురెక్కినట్టు, ఇది గుడ్లు పెట్టడానికి కొలరాడో మొగకొచ్చేది. పిల్లలు సగం ఉప్పు, సగం తీపి నీళ్ళలో మొదటి ఏడాది గడిపేవి.

ఆ నీళ్ళలోనే వాకీటా. ప్రపంచంలోకెల్లా చిన్న తిమింగల జాతి జీవి, ఐదడుగులు కూడా సరిగ్గా ఉండదు. కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి వలయాలు. దీనికంటూ ఒక పేరు పెట్టి శాస్త్రంలోకి ఎక్కించింది 1958లో. అప్పటికే దాని ఇంటి తలుపు మూస్తున్నారు.

1922: ఒకే శీతాకాలం, రెండు ప్రయాణాలు

నన్ను బాగా పట్టేసిన సంగతి ఇది. 1922 అక్టోబరు, నవంబరు నెలల్లో ఆల్డో లియోపోల్డ్ అనే అమెరికా అటవీశాఖ ఉద్యోగి తన తమ్ముడు కార్ల్‌తో కలిసి ఒక చిన్న కెనూ వేసుకుని ఈ డెల్టాలో తిరిగాడు. పచ్చటి మడుగులు, గుంపులు గుంపులుగా బాతులు, కంటబడకుండానే భయపెట్టే జాగ్వారు. ఆ అనుభవాన్ని ఆయన తర్వాత రాశాడు, అది ఆయన పోయాక 1949లో "ఎ శాండ్ కౌంటీ ఆల్మనాక్" పుస్తకంలో వచ్చింది. పర్యావరణం గురించి మాట్లాడేవాళ్ళందరికీ అది ఇవాళ్టికీ పెద్దబాలశిక్ష. ఆయన మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు. ఏం చూడాల్సొస్తుందో తెలుసు గనక.

అదే నవంబరులో, 24వ తారీకున, శాంటా ఫే ఊరి దగ్గర ఏడు రాష్ట్రాల ప్రతినిధులు కూర్చుని కొలరాడో నీళ్ళని పంచుకుంటూ సంతకాలు పెట్టారు. అధ్యక్షత వహించింది హెర్బర్ట్ హూవర్, అప్పటికి వాణిజ్య మంత్రి. ఎగువ రాష్ట్రాలకి ఏడాదికి 75 లక్షల ఎకరా అడుగులు, దిగువ రాష్ట్రాలకి 75 లక్షలు. మన భాషలో చెప్పాలంటే 10 లక్షల ఎకరా అడుగులంటే 43.56 టీఎంసీలు. కాబట్టి ఒక్కో వర్గానికి 327 టీఎంసీలు, మొత్తం 653. తర్వాత 1944లో మెక్సికోకి ఇంకో 65 టీఎంసీలు ఒప్పుకున్నారు. అంటే కాగితం మీద 719 టీఎంసీల దాకా పంచేశారు.

నదిలో ఎన్ని ఉన్నాయి? ఇక్కడే మన వృత్తివాళ్ళకి నవ్వొచ్చే సంగతి ఉంది, నవ్వు కాకపోతే ఏడుపు. వాళ్ళు చేతిలో పెట్టుకున్న కొలతలు 20 ఏళ్ళ పైచిలుకువి. ఆ ఇరవై ఏళ్ళూ కొన్ని శతాబ్దాల్లోకెల్లా బాగా తడిసిన ఏళ్ళు! దీపావళి సేల్ వారంలో వచ్చిన ట్రాఫిక్కు చూసి ఏడాది మొత్తానికి ఆదాయం అంచనా వేసినట్టు. 1976లో చెట్ల కాండాల్లో వలయాలు లెక్కపెట్టి స్టాక్టన్, జాకోబీ అనే ఇద్దరు వందల ఏళ్ళ ప్రవాహం కట్టి చూస్తే, దీర్ఘకాలిక సగటు 588 టీఎంసీల దగ్గర తేలింది. 2000 తర్వాత అయితే 540 చుట్టూనే ఆడుతోంది.

పోనీ ఎవరికీ తెలీదా అంటే అదీ కాదు. యూజీన్ క్లైడ్ లారూ అనే ప్రభుత్వ జలశాస్త్రవేత్త, నదిలో అన్ని నీళ్ళు లేవని 1920లలోనే మొత్తుకున్నాడు. ఆయన మాట చర్చలో పక్కకి పోయింది. ఎందుకంటే ఎక్కువ నీళ్ళున్నాయని నమ్మితేనే ఏడుగురికీ ఒప్పందం కుదురుతుంది. డెడ్‌లైన్ ముందు మేనేజరుకి నిజం చెప్పిన టెస్టరు గతి ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా?

ఒక్క మాట పక్కకి పోయి చెబుతాను. మన కృష్ణ విషయంలో బచావత్ ట్రిబ్యునల్ సగటు కూడా తీసుకోలేదు. 75 శాతం నమ్మకం ఉన్న నీటిని, అంటే నాలుగేళ్ళలో మూడేళ్ళయినా వచ్చే నీటిని 2060 టీఎంసీలుగా లెక్కగట్టి పంచింది. బచావత్‌ని తిట్టుకునేవాళ్ళు ఎగువనా దిగువనా ఉన్నారు. కానీ పద్ధతి వరకూ చూస్తే అది శాంటా ఫే వాళ్ళకంటే బుద్ధిగా చేసిన పని. అన్నట్టు ఆ అంకెలు చూశారా? ఇంత పేరున్న కొలరాడో మన కృష్ణలో మూడో వంతు కూడా లేదు.

ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారన్నది ఇంకా ముఖ్యం. ఏడు రాష్ట్రాలు ఉన్నాయి. మెక్సికోని పిలవలేదు. స్థానిక తెగల గురించి ఒకే ఒక్క వాక్యం, అదీ మాకు సంబంధం లేదన్న ధోరణిలో. మొగ దగ్గర ఉన్న గడ్డికీ, చేపకీ, పిట్టకీ కేటాయింపు సున్నా. తీసుకుపోయి సున్నా వేసిన దుర్మార్గుడెవడూ లేడు. అసలు ఆ గడే పట్టికలో లేదు. సున్నా వెయ్యడం వేరు, గడి లేకపోవడం వేరు. సున్నా ఉంటే రేపెవరైనా "ఇదేంటి సున్నా?" అని అడుగుతారు.

మూత పడటం

తర్వాతంతా తారీకులే. 1935లో హూవర్ డ్యామ్ గేట్లు మూసి మీడ్ సరస్సు నింపడం మొదలెట్టారు. 1940లో ఆల్ అమెరికన్ కాలవ ఇంపీరియల్ లోయకి నీళ్ళు మళ్ళించింది. 1950లో సరిహద్దు దగ్గర మెక్సికో తన వాటా మళ్ళించుకోడానికి మొరెలోస్ డ్యామ్ కట్టుకుంది. 1963లో గ్లెన్ కేన్యన్ డ్యామ్ మూశారు. పావెల్ సరస్సు నిండటానికి 1980 దాకా పట్టింది. ఆ పదిహేడేళ్ళూ కింద మొగకి దాదాపు ఏమీ అందలేదు.

ఎవరు వాడుకున్నారని తిట్టడానికి నాకు నోరు రాదు. ఎక్కువ భాగం వెళ్ళింది పొలాలకి. చలికాలంలో అమెరికాలో ఎక్కడ సలాడ్ తిన్నా ఆ ఆకులు యూమా, ఇంపీరియల్ లోయలవై ఉండే అవకాశం చాలా ఎక్కువ. మెహికాలీ లోయలో మెక్సికన్ రైతులు ఆ 65 టీఎంసీల మీదే గోధుమా, పత్తీ పండించారు. మొరెలోస్ దగ్గర నదిని చివరి చుక్క దాకా తీసుకునేది వాళ్ళే. ఎవరి ఇల్లు వాళ్ళు చక్కబెట్టుకున్నారు. అందరూ కలిపి నదిని ముగించారు.

మొగ దగ్గర జరిగిన మార్పు మాత్రం వింతది. మామూలుగా మొగ నుంచి సముద్రంలోకి వెళ్ళేకొద్దీ ఉప్పు పెరుగుతుంది. ఇక్కడ తిరగబడింది. నది నీరు లేదు, ఎండకి ఆవిరయ్యేది ఎక్కువ, అందుకని లోపలికి వచ్చేకొద్దీ సముద్రం కంటే ఉప్పన. కాటన్‌వుడ్లు పోయి ఉప్పుని తట్టుకునే టామరిస్క్ అనే పరాయి పొద అల్లుకుపోయింది. తడి నేలల్లో పదో వంతు కూడా మిగల్లేదు.

గుల్లలు రాసిపెట్టిన లాగ్

సరే, నది లేనందువల్లే ఇదంతా పోయిందని రుజువేమిటి? ముందు ఎలా ఉండేదో ఎవడు లెక్కపెట్టాడు?

గుల్లలు లెక్కపెట్టాయి. మొగ దగ్గర మైళ్ళ పొడవున తెల్లటి దిబ్బలున్నాయి. ఇసుకనుకుంటారు దూరం నుంచి. అన్నీ గుల్లలే. పులికాట్ వైపు గుల్లసున్నం కాల్చేవాళ్ళు చూస్తే పండగ చేసుకుంటారు. అందులో ఎక్కువ భాగం మ్యూలీనియా అనే ఒకే ఒక్క జాతి. మైకెల్ కొవలెవ్‌స్కీ, కార్ల్ ఫ్లెస్సా వాళ్ళ బృందం 2000లో లెక్క కట్టి ప్రచురించింది: గత వెయ్యేళ్ళలో పోగుపడినవి తక్కువలో తక్కువ 2 లక్షల కోట్ల గుల్లలు. అంటే నది పారిన రోజుల్లో ఆ బురదలో చదరపు మీటరుకి సగటున 50 బతికున్న జీవులు. వాళ్ళు చూసినప్పుడు ఉన్నవి 3. నూటికి 94 పోయాయి.

ఇంకా గమ్మత్తేమిటంటే, గుల్ల పెరిగేటప్పుడు ఆ రోజు నీళ్ళలో ఉన్న ఆక్సిజన్ ఐసోటోపుల పాళ్ళు దాని పొరల్లో నిలిచిపోతాయి. మంచు కరిగిన నది నీటి సంతకం వేరు, సముద్రపు నీటి సంతకం వేరు. కాబట్టి గుల్లని కోసి చూస్తే ఏ కాలంలో వరదొచ్చిందో తెలుస్తుంది. ఇదే పని తొతువాబా చెవి ఎముక మీద కూడా చేశారు. ఆనకట్టల ముందు పుట్టిన చేపలు మొదటి ఏడాదిలో చాలా వేగంగా పెరిగాయని, తొందరగా గుడ్లకొచ్చాయని తేలింది. సర్వరు ఎవడో ఆపేసి మాకేం తెలీదంటే, లాగ్ ఫైలు తీసి ముందుపెట్టినట్టుంది నాకు.

అలాగని పాపాలన్నీ నది ఖాతాలో రాయడం కూడా తప్పే. తొతువాబాని వలలతో ఊడ్చేశారు. 1942లో 2000 టన్నుల పైన పట్టినవాళ్ళు 1975 నాటికి వేటే నిషేధించాల్సొచ్చింది. దాని గాలితిత్తికి చైనాలో ఉన్న గిరాకీ వల్ల దొంగ వేట ఆగలేదు. ఆ వలల్లోనే వాకీటాలు చిక్కుకుని ఊపిరాడక చచ్చాయి. 1997లో 567 అని అంచనా, 2008లో 245, 2016 ఆఖరుకి 30. 2017లో కొన్నిటిని పట్టి కాపాడదామని చూస్తే ఒకటి బెదిరి చనిపోయింది, ఆ ప్రయత్నం ఆపేశారు. ఆ తర్వాతి సర్వేల్లో కనబడుతున్నవి పది అటూ ఇటూ. వాకీటాని చంపింది వల, నది లేకపోవడం కాదు అన్నదే ఎక్కువమంది శాస్త్రవేత్తల మాట. చరిత్ర రాసేటప్పుడు మనకి నచ్చిన దోషికే అన్ని కేసులూ అంటగట్టకూడదు.

మురుగు కాలవ పెట్టిన పుణ్యం

ఇంతా చదివి అంతా అయిపోయిందనుకుంటున్నారా? ఇప్పుడు అసలు కథ.

1961లో అరిజోనాలో వెల్టన్-మొహాక్ అనే ప్రాంతం రైతులు తమ పొలాల కింద చేరిన ఉప్పునీళ్ళని తోడి నదిలో వదలడం మొదలెట్టారు. ఆ నీళ్ళు మెక్సికోకెళ్ళి మెహికాలీ పొలాలు పాడైపోయాయి. పెద్ద గొడవ. 1973లో మీకు మంచినీళ్ళే ఇస్తామని అమెరికా ఒప్పుకుంది. దానికోసం యూమాలో ఉప్పు తీసే ప్లాంటు కట్టాలి. అది కట్టేలోపు ఆ ఉప్పునీళ్ళని ఎక్కడో చోట పారబొయ్యాలి కదా, అందుకని ఒక కాంక్రీటు కాలవ తవ్వి 1977 నుంచి డెల్టా తూర్పు పక్కన ఒక ఎండిన పర్రలోకి వదిలారు. తాత్కాలికం అన్నారు.

మన వృత్తిలో "తాత్కాలికం" అంటే ఏమిటో మీకు తెలుసు.

ప్లాంటు 1992కి గానీ తయారవలేదు. ఖర్చు 25 కోట్ల డాలర్లు. ఏడాది కూడా తిరక్కుండా ఆపేశారు. మళ్ళీ 2010లో ప్రయోగంగా ఒక ఏడాది తిప్పారు.  ఈలోపు ఆ పారబోసిన మురుగు ఏం చేసింది? పదివేల ఎకరాల పైచిలుకు జమ్ము పెరిగింది, మన కొల్లేటిలో లాగా. దానికి సియెనెగా దె శాంటా క్లారా అని పేరు. ఆ నీళ్ళలో ఉప్పు సముద్రంలో పదో వంతు కూడా ఉండదు, జమ్ముకి అది చాలు. యూమా రెయిల్ అనే అరుదైన పిట్ట, నీటికోడి చుట్టం, లోకంలో ఉన్నవాటిలో సగానికి పైగా వచ్చి ఇక్కడే చేరింది. ఎడారి పప్‌ఫిష్ అనే బుల్లి చేప దాక్కోడానికి చోటు దొరికింది. ఏ ప్లానరూ వెయ్యని ప్లాను. ఏటా 5 టీఎంసీలు కూడా లేని, ఎవరికీ అక్కర్లేని నీళ్ళు!

ఇప్పుడు చూడండి చిక్కు. ప్లాంటు పూర్తిగా నడిస్తే ఆ సియెనెగా పోతుంది. అందుకే 2010లో తిప్పబోయే ముందు రెండు దేశాలూ, స్వచ్ఛంద సంస్థలూ కూర్చుని, తగ్గిన నీళ్ళకి బదులు నీళ్ళు తెచ్చి పొయ్యాలని రాసుకున్నాయి. మొగకి కూడా ఒక గడి ఉండాలని ఎవరో మొదటిసారి పెన్ను తీసిన సందర్భాల్లో అదొకటి.

రెండో పాఠం ప్రకృతి చెప్పింది. 1983లో మంచు విపరీతంగా కరిగి, నిండిన సరస్సులు పొంగి, చేసేదేం లేక నీళ్ళు కిందకి వదిలారు. ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు నది మళ్ళీ సముద్రం చూసింది. చచ్చిందనుకున్న డెల్టాలో కాటన్‌వుడ్లు, విల్లోలు లేచాయి. ఎవరూ నాటలేదు. కార్వినా అనే చేప కూడా 1990లలో గుంపులుగా తిరిగొచ్చింది. పోటు చూసుకుని మొగలో చేరి గుడ్లు పెట్టేటప్పుడు మగ చేపలన్నీ కలిసి చేసే చప్పుడు ఇప్పటిదాకా రికార్డు చేసిన చేపల చప్పుళ్ళలోకెల్లా పెద్దదని 2017లో ప్రచురించారు. చచ్చిన డెల్టా అంత గోల చెయ్యదు కదా!

ఎనిమిది వారాల నది

దీన్ని చూసి అరిజోనా యూనివర్సిటీ ఎడ్ గ్లెన్ లాంటివాళ్ళు లెక్కలేశారు. మొత్తం నది అక్కర్లేదు, ఒక శాతం చాలు అని. ఏళ్ళ తరబడి మాట్లాడగా 2012 నవంబరులో రెండు దేశాల మధ్య మినిట్ 319 అనే ఒప్పందం కుదిరింది. 2014 మార్చి 23న మొరెలోస్ గేట్లు ఎత్తారు. మే 18 దాకా, సుమారు 4.6 టీఎంసీలు.

ఆ తారీకు ఊరికే పెట్టింది కాదు. కాటన్‌వుడ్ గింజ రాలాక కొన్ని వారాలే బతుకుతుంది. ఆలోపు వరద వచ్చి తీసి, తడి బురద మీద గింజ పడాలి. అప్పుడే మొలక. పాత రోజుల్లో మంచు నీరు సరిగ్గా ఆ ముహూర్తానికి వచ్చేది. ఇప్పుడు ఇంజనీర్లు ముహూర్తం పెట్టారు.

శాన్ లూయిస్ రియో కొలరాడో అని సరిహద్దులో ఒక ఊరుంది. పేరులోనే నది. వంతెన కింద ఇసుక తప్ప ఏమీ చూడని పిల్లలు ఆ వారం నీళ్ళలో దూకారు. ఊరు ఊరంతా వంతెన కింద తిరునాళ్ళ చేసుకుంది. ఎక్కువ నీళ్ళు ఇసుకలోనే ఇంకిపోయాయి. అయినా మే 15న ఒక సన్నటి పాయ వెళ్ళి పోటు నీటిని తాకింది. ఆ ఏడాది ఉపగ్రహాల్లో పచ్చదనం పెరిగినట్టు కనబడింది. తర్వాత నీళ్ళు లేక మళ్ళీ తగ్గింది. 2017లో మినిట్ 323 వచ్చింది, 2026 ఆఖరు దాకా గడువుతో. ఈసారి ఇసుకలో పొయ్యకుండా, సాగు కాలవల్లోంచే తీసుకెళ్ళి చెట్లు నాటిన చోట్లకి నేరుగా ఇచ్చారు. 2021లో అలా నీళ్ళు మళ్ళీ మొగ దాకా వెళ్ళాయి.

ఇందులో మింగుడుపడనిది ఒకటుంది. 1993లో మెక్సికో ఈ మొగని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. మంచి పనే. కానీ దాంతో కుకపాలు తరతరాలుగా కార్వినా పట్టుకునే చోటే వేట నిషేధమైంది. నదిని ఎండబెట్టింది వాళ్ళు కాదు. 1922లో వాళ్ళని పిలవలేదు, 1944లో పిలవలేదు. మిగిలిన కాస్తా కాపాడదామనుకున్నప్పుడు మాత్రం మొదటి కేసు వాళ్ళ మీద. ప్రపంచంలో ఎక్కడైనా ఇంతే కాబోలు, పంపకంలో ఆఖరు, పొదుపులో మొదలు.

ఇంతకీ నా పేచీ

మళ్ళీ ఆ హెడ్డింగు దగ్గరికి వస్తాను. కొలరాడో మొగలో ఎన్ని ఏళ్ళపాటు "వృథా" సున్నా. మన సంపాదకీయాల కల అక్కడ అక్షరాలా నిజమైంది. దానికి కట్టిన బిల్లులో పోయినవి: చదరపు మీటరుకి 47 ప్రాణులు, ఉప్పునీటిలో పండే గింజ ఉన్న పర్రలు, ఒక చేప బాల్యం, ఒక జాతి జీవనం. తిరిగి తెచ్చుకోడానికి అడిగినది ఒక శాతం. ఆ ఒక్క శాతం కోసం రెండు దేశాలు దశాబ్దాలు మాట్లాడుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే అప్పటికే మొత్తం వందా ఎవరెవరి పేరునో రాసేశారు. రాసేసిన తర్వాత తీసుకోవడం ఎంత కష్టమో అన్నదమ్ముల పంపకాలు చూసినవాళ్ళెవరినైనా అడగండి.

కృష్ణా గోదావరుల మీద ఆనకట్టలొద్దని నేననట్లేదు. కాటన్ దొర విగ్రహానికి దండం పెట్టే జిల్లాల మధ్య పెరిగినవాణ్ణి, ఆ మాట నా నోట రాదు. నేనడిగేదల్లా ఒక్కటే. రేపు ఏ ట్రిబ్యునలు కూర్చున్నా, ఏ నదుల అనుసంధానం పట్టిక వేసినా, ఎగువ రాష్ట్రం, దిగువ రాష్ట్రం, తాగునీరు, సాగునీరు అన్న గడుల కింద చివర్లో ఇంకో గడి గియ్యమని. దాని పేరు మొగ. అందులో ఎంత అంకె వెయ్యాలో కొట్టుకుందాం, తప్పులేదు. గడి మాత్రం ముందు ఉండాలి. పులసకీ, కోరంగి మడచెట్లకీ శాంటా ఫే లాంటి బల్ల దగ్గర కుర్చీ వెయ్యడానికి వేరే దారి నాకు కనబడలేదు.